చితకని నిమ్మకాయలు

మా అన్నకి ఈత రాదు. ముందే ఈ ముక్క చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో నా బుర్రలో ఇంకేమీ ఉండేది కాదు. అన్నం తింటున్నా అదే ఆలోచన. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బ్యానర్ల కింద, చేతుల్లోకి కరపత్రాలు తోసేవాళ్ళని తప్పించుకుంటూ ఆఫీసుకి నడుస్తున్నా అదే ఆలోచన. ఈత రాని మనిషి నీళ్ళలో నడిచే బండికి డ్రైవరయ్యాడు. ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

అప్పట్లో అమీర్‌పేటలో ఎవర్ని కదిపినా కంప్యూటర్ కోర్సే. నేనూ చేశాను. నాతో కోర్సు చేసినవాళ్ళు పెద్ద పెద్ద అద్దాల మేడల్లోకి పోయారు. నేను ఒక కోచింగ్ సెంటర్ మీది అంతస్తులో, రెండు గదుల ఆఫీసులో చేరాను. ఓనరుగారిది కోస్తా జిల్లా. మంచి మనిషే కానీ నిలకడ లేదు. మొదట కంప్యూటర్లు అమ్మాడు, తర్వాత బయటి దేశాల నుంచి ఏవేవో యంత్రాలు తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ దేశాలవాళ్ళకి ఇంగ్లీషులో ఈమెయిళ్ళు రాయడం నా పని. అలా తెప్పించిన వాటిలో చివరి పిచ్చి ఈ బండి.

ఎనిమిది చక్రాలు, పక్కకి నాలుగు. కింద ప్లాస్టిక్ తొట్టి. నేల మీద, బురదలో, నీళ్ళ మీద ఎక్కడైనా పోతుందట. నగరం చుట్టూ చెరువుల్లో గుర్రపుడెక్క పీకడానికి ఇలాంటి బండి ఉంటే బాగుంటుందని ఎవరో ఆఫీసర్లు అన్నారట, మా ఓనరుగారు ఆ మాట పట్టుకుని ఒకటి తెప్పించేశాడు. నెలాఖరులో ఊరి బయట ఒక చెరువులో ఆఫీసర్ల ముందు నడిపి చూపించాలి. నచ్చితే ఆర్డరు.

డ్రైవరు కోసం చూస్తున్న రోజుల్లోనే మా అన్న నన్ను దింపడానికి ఆఫీసుకి వచ్చాడు. అప్పటికి వాడు సోమాజిగూడలో ఎవరిదో కారు నడుపుతున్నాడు. ఓనరుగారు వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి అడిగాడు.

"ఏంటబ్బాయ్, డ్రైవింగ్ వచ్చు సరే, ఈత వచ్చా?"

"చేపలెక్క ఈత్త సార్," అన్నాడు అన్న.

యూసుఫ్‌గూడ అద్దె పోర్షన్లో పుట్టి పెరిగిన మనిషి, వాడు చూసిన నీళ్ళల్లా మునిసిపాలిటీ కుళాయివే. ఇంటికి పోయేదాకా ఆగి తిట్టాను.

"గంత ఫికర్ ఎందుకే నీకు? బండి తేలుతది గద. నేను తేలుడెందుకు?" అన్నాడు. వాడి వాలకం అంతే. ఎదురు చెప్పలేని మాటొకటి అనేసి నవ్వుతాడు, మనం లోపల్లోపల ఉడికి చావాలి.

బండిని బల్కంపేటలో ఒక రేకుల షెడ్డులో పెట్టారు. కొత్త బండి కదా, ఆదివారం పూజ పెట్టుకున్నాం. మా అమ్మే చేసింది. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మా తాతలది మగ్గాల ఊరు, అమ్మ నాటికి మగ్గం పోయి కుట్టుమిషన్ మిగిలింది. ఎల్లమ్మ గుడికి పోయి కుంకుమ తెచ్చి, ఎనిమిది టైర్లకీ పసుపు రాసి బొట్లు పెట్టి, ఒక్కో టైరు కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది. కొబ్బరికాయ కొట్టాక అన్న బండెక్కి ముందుకి కదిలించాడు.

ఒక్క నిమ్మకాయా చితకలేదు.

ఆ టైర్లు అంత మెత్తన. వేలితో నొక్కితే లోపలికి పోయేవి. నిమ్మకాయలు టైరు కింద ఒదిగి, బండి దాటిపోయాక మళ్ళీ గుండ్రంగా బయటికొచ్చాయి. ఓనరుగారు పెద్దగా నవ్వి, "మీ నిమ్మకాయలు భలే గట్టివండీ అమ్మగారూ!" అన్నాడు. అమ్మ నవ్వలేదు. వంగి ఒక్కో కాయా తీసి తడిమి చూసింది.

ఎందుకో మాకు తెలుసు. మా నాన్న ఆటో కొన్న రోజు పెట్టిన నిమ్మకాయ టైరు కింద నుంచి పక్కకి జారిపోయింది. ఇంకోటి పెడతానని అమ్మ అంటే, "చాల్తియ్యే, గిరాకీ పోతది," అని నాన్న వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కముందే పంజగుట్ట చౌరస్తాలో ఆటో తిరగబడి పోయాడు. టైరు పేలిందని చూసినవాళ్ళు అన్నారు. అమ్మ మాత్రం నిమ్మకాయ అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ చావుకి నిమ్మకాయే కారణం. మేమూ ఎదురాడలేదు. ఏడ్చేవాళ్ళతో వాదించడం ఎందుకు?

"గీ బండి నిమ్మకాయను సుత తొక్కలేదు. నీ పానం ఏం మోస్తది బిడ్డా?" అంది అమ్మ ఇంటికొస్తూ. అన్న ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు.

మంగళవారం మళ్ళీ పూజ చేశారు. నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ మిషన్ తొక్కుతూ కూనిరాగం తీస్తోంది.

"చితికినయ్ బిడ్డా! అన్నీ చితికినయ్! రసం గిట్ల చిమ్మింది!" అని చెయ్యి ఎగరేసి చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. నిమ్మకాయల మీద నాకు నమ్మకం ఉందా అంటే చెప్పలేను. అమ్మ నవ్వితే మాత్రం నాకు ఊపిరాడుతుంది.

ఆ మర్నాడు మొదలైంది శని.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో అన్న బండి తిప్పుతుంటే కర్రుకర్రుమని ఒకటే చప్పుడు. ముందు అప్పుడప్పుడు, మలుపు తిరిగితే ఇంకా ఎక్కువ. దిగి చూస్తే పక్కపక్క టైర్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. తొట్టి అంచు మీద నల్లటి పొడి రాలింది, రబ్బరు అరిగిన పొడి. ఒకచోట ప్లాస్టిక్ మీద వేలు పెడితే తెలిసేంత గాడి పడింది.

"ఏంటమ్మా ఇది? కొత్త బండికి ఇదేం రోగం?" అని ఓనరుగారు నెత్తి పట్టుకున్నాడు. ఆయన బాధ ఆర్డరు గురించి. నాది ఆ గాడి గురించి. ఆ తొట్టే కదా పడవ. ఆ గాడి లోతై చిల్లు పడితే? రాసుకుని రాసుకుని చెరువు మధ్యలో టైరు చీలితే? ఒక పక్క ఒరిగిపోతే? చేపలెక్క ఈదేవాడు అప్పుడేం చేస్తాడు?

నేను బయటి దేశపు కంపెనీకి రాశాను. సాయంత్రం అడిగితే పొద్దున జవాబు. ఆ మధ్యలో నాకు కాలు కాలిన పిల్లి బతుకే. మొదటి జవాబులో ఇరుసులు వంగాయేమో చూడమన్నారు. అన్న కిందికి దూరి చూశాడు, వంగలేదు. తర్వాత బేరింగులు వదులయ్యాయేమో అన్నారు. చక్రాలు పట్టుకుని ఊపి చూశాడు, కదల్లేదు. గొలుసులు చూడమన్నారు. అవీ బిగువుగానే ఉన్నాయి. ప్రతి జవాబు చివరా ఒకే ప్రశ్న, గాలి ఎంత ఉంది?

"కంపెనోళ్ళు ఎంత వెట్టిన్రో గంతనే," అన్నాడు అన్న, టైరుకేసి చూస్తూ.

పోనీ కొలుద్దామని పంజగుట్టలో ఒక పంక్చర్ షాపుకి పోయి, బతిమాలి మీటరు తెచ్చుకున్నాం. అది మన స్కూటర్లకీ కార్లకీ పనికొచ్చేది. దాని అంకెలు పదితో మొదలవుతాయి. కంపెనీ లెక్కన మా బండికి కావలసిన గాలి మూడు. పెట్టి చూస్తే ముల్లు ఉలకదు, పలకదు.

"ముల్లు లేస్తలేదంటే తక్కువనే ఉన్నట్టు గద," అన్నాడు అన్న, మీటరు చుట్టేసి. ఓనరుగారు కూడా తలూపాడు. గాలి గొడవ కాదన్నమాట, ఇంకేదో పెద్ద జబ్బే అనుకున్నాం. నాకు నిద్ర పట్టడం మానేసింది. వార్తాపత్రికలో చెరువు అన్న మాట కనపడితే పేజీ తిప్పేసేదాన్ని.

చూపించాల్సిన రోజు దగ్గర పడ్డాక కంపెనీ నుంచి కాస్త పొడుగు జవాబు వచ్చింది. ఇలాంటి టైర్లకి మీటరుని నమ్మకండి, టైరు చుట్టూ టేపు పెట్టి కొలవండి అని రాశారు. గాలి ఎక్కువైతే టైరు ఉబ్బి పక్కదాన్ని తాకుతుంది. పైగా ఒక పక్క నాలుగు చక్రాలూ గొలుసులతో కలిసే తిరుగుతాయి కాబట్టి, ఒకటి పెద్దదై ఒకటి చిన్నదైతే ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయట. చుట్టుకొలత ఎంతుండాలో కూడా రాశారు.

నేను అమ్మ మిషన్ మీది కొలత టేపు తీసుకుని షెడ్డుకి పరిగెత్తాను. జావా నేర్చుకున్న చేతులతో టైర్ల నడుము కొలవడం మొదలుపెట్టాను. టేపు చాలక దారం చుట్టి, ఆ దారాన్ని టేపు మీద పరిచాను. మొదటి టైరు ఎక్కువ. రెండోది ఇంకా ఎక్కువ. మూడోది మొదటిదానికంటే కాస్త తక్కువ. ఏ రెండూ ఒకలా లేవు, ఏ ఒక్కటీ కంపెనీ చెప్పినంత లేదు. అన్నీ పెద్దవే. వేలితో నొక్కితే వేలే నొప్పెట్టింది. పూజ రోజు నొక్కితే లోపలికి పోయిన టైరు ఇదేనా?

"అన్నా, ఎవరు కొట్టారు గాలి?"

అన్న ఒక డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. చేతుల మట్టి దులుపుకున్నాడు.

"ఎవరు కొట్టించారు? నువ్వేనా?"

"నిమ్మకాయలు చితకాలె గద," అన్నాడు.

మంగళవారం పొద్దున, అమ్మ రాకముందు, పంక్చర్ షాపతన్ని తీసుకొచ్చాడట. నిమ్మకాయ పెట్టడం, తోసి చూడడం, చితక్కపోతే ఇంకాస్త గాలి. అలా ఎనిమిదికీ. ఏది ఎంత పట్టిందో దేవుడికే తెలియాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమైనా మతి ఉందా? ఇన్ని రోజులు ఇరుసులంటావ్, గొలుసులంటావ్, కిందికి దూరి మట్టి పూసుకుంటావ్! నోరు తెరిచి చెప్పడానికేం? నీకు ఈత రాదు! గుర్తుందా, నీకు ఈత రాదు!"

"నెమ్మదిగ మాట్లాడు. సారు ఇంటడు." తల దించుకునే అన్నాడు. "నాకు సుత అనుమానం అచ్చింది. గాలి తీస్తే మల్ల చితకయి. అమ్మ చెరువు కాడికి సుత నిమ్మకాయలు తెస్తనన్నది. ఆమెకేం చెప్పుదు? మంగళారం నుంచే జర అన్నం తింటుంది."

మీసాలొచ్చిన మనిషి. లారీల మధ్య నుంచి కారు దూర్చేవాడు. వాడి భయం చూసి తిట్టడం మానేశాను. ఏడుపు మాత్రం వచ్చింది.

ఇద్దరం కలిసి గాలి తీశాం. వాడు పిన్ను నొక్కడం, నేను దారం చుట్టడం, ఇంకాస్త, ఇంకాస్త, ఆగు ఆగు. ఎనిమిదీ ఒకే కొలతకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తొట్టి మీద గాడి ఇంకా పైపైనే ఉంది, లోతుకి పోలేదు. వాడు బండి తిప్పి చూపించాడు. కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. చప్పుడు లేదు. ఓనరుగారు వచ్చి చూసి, "ఏంటమ్మా, ఏం మంత్రం వేశారు?" అని మురిసిపోయాడు.

మంత్రం సరే. అమ్మ సంగతి? "చెప్పకు," అన్నాడు అన్న. ఒట్టు వేయించుకున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏంటో నాకప్పుడు తెలిసింది. చెబితే అమ్మ బండెక్కనివ్వదు. చెప్పకపోతే చెరువు గట్టున నిమ్మకాయలే చెబుతాయి. అమ్మ అన్నం వడ్డిస్తుంటే ఆమె మొహం చూడలేక కంచంలోకి చూస్తూ తినేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. చెరువు గట్టు మీద కుర్చీలు వేశారు. ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు. అమ్మ తాను కుట్టిన జాకెట్ గుడ్డ సంచీలోంచి నిమ్మకాయలు తీసింది. ఓనరుగారు గడియారం చూసుకుంటూ, "త్వరగా కానివ్వండి అమ్మగారూ," అన్నాడు. అమ్మ ఒక్కో టైరు కిందా ఒక్కో కాయ పెట్టి, చేతులు జోడించి పక్కకి జరిగింది. అన్న నావైపు ఒకసారి చూసి బండి కదిలించాడు.

అన్నీ గుండ్రంగా బయటికొచ్చాయి.

అమ్మ కదల్లేదు. "దిగు బిడ్డా," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "దిగు. నువ్వు పోవద్దు."

ఆఫీసర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఓనరుగారి నుదుటి మీద చెమట. ఇక నా నోరు ఆగలేదు. ఒట్టూ లేదు గిట్టూ లేదు, గబగబా అంతా చెప్పేశాను. నిమ్మకాయలు చితకడం కోసం అన్న గాలి కొట్టించాడని, అందుకే టైర్లు రాసుకున్నాయని, తొట్టికి గాడి పడిందని, అలాగే నీళ్ళలోకి దిగితే ఏమై ఉండేదో అని, ఈ టైర్లు మెత్తగా ఉంటేనే వాడు క్షేమమని.

అమ్మ అన్నని చూసింది. "నా కోసం కొట్టిచ్చినవా?"

అన్న తలూపాడు.

అమ్మ బండి దగ్గరికి పోయింది. పక్కపక్క టైర్ల మధ్య సందులో తన చెయ్యి దూర్చింది. జాకెట్ తొడిగాక చంక దగ్గర లూజు చూసే పద్ధతి అది, రెండు వేళ్ళు పెట్టి ఆడించడం. ఒక్కో సందూ చూసుకుంటూ బండి చుట్టూ తిరిగి వచ్చింది. "మంచిగనే ఉంది," అంది. తర్వాత ఓనరుగారి వైపు తిరిగింది.

"సార్, నా కొడుకుకు ఈత రాదు. ఆ ఎర్ర జాకిటి తొడిగియ్యిరి."

"చేపలా ఈదుతానన్నాడు కదండీ!" అన్నాడు ఓనరుగారు, నోరు తెరిచి. బండితోపాటు వచ్చిన లైఫ్ జాకెట్, పూజ రోజు అమ్మ షెడ్డులో చూసినదే, పెట్టెలోనే ఉండిపోయింది. ఆయనే పరిగెత్తి తెచ్చాడు. అమ్మ దాని పట్టీలు బిగించి, అక్కడా రెండు వేళ్ళు పెట్టి చూసింది.

అప్పుడు చెప్పులు విడిచింది. చీర కాస్త ఎత్తి పట్టుకుని, నేల మీది మొదటి నిమ్మకాయ మీద మడమ పెట్టి తొక్కింది. రసం చిమ్మింది. రెండోది తొక్కింది. మూడోది జారిపోబోతే కాలితోనే ఆపి తొక్కింది. ఎనిమిదో కాయ అయ్యేసరికి ఆయాసపడుతోంది.

"బండి తొక్కకుంటే నేను తొక్కుత," అంది. "ఇగ పో బిడ్డా."

అన్న పోయాడు. బండి గట్టు దిగి, బురద దాటి, నీళ్ళలోకి జారింది. ఒక్క క్షణం ముందుకి వాలింది, నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తర్వాత తేలింది. ఎనిమిది టైర్లూ నీళ్ళు చిమ్ముకుంటూ తిరిగాయి. చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎర్ర జాకెట్ చిన్నదవుతూ గుర్రపుడెక్క వైపు పోయింది.

అమ్మ కళ్ళు వాడి మీద లేవు, ఆ టైర్ల మీదే ఉన్నాయి. కాలికి అంటిన నిమ్మరసం మీద మట్టి ఎండిపోయింది.

"బిడ్డా," అంది చివరికి. "మీ నాయిన ఆటోల గాలి ఎవలన్న చూసిన్రానె, ఆ దినం?"

అప్పటికి ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నాకు తెలియదని చెప్పాను. అమ్మ తలూపింది. చెరువు మధ్యలో అన్న బండి తిప్పి మా వైపు వస్తున్నాడు.